బండి బాగోగులు: ఎడమ చక్రానికి ఎదురు మర

తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయి కాలవలకు నీళ్ళొచ్చాక గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి మనవాళ్ళు గంగావతి, సింధనూరు, కారటగి ప్రాంతాలకు వచ్చి క్యాంపులు కట్టుకున్నారు. ఆ నల్లరేగడిలో వాన పడితే ఎడ్లబండే మొరాయిస్తుంది. అంచేత నాలుగు రాళ్ళు వెనకేసుకున్న రైతు ట్రాక్టరు తరవాత కొన్నది జీపే. ఇప్పుడా జీపుల్లో చాలావరకు గడ్డివాము పక్కన రేకుల షెడ్డులో, కోళ్ళు గుడ్లు పెట్టుకోవడానికి వీలుగా నిలబడి ఉన్నాయి.

ఈ మధ్య బెంగుళూరులోనూ, హైదరాబాదులోనూ ఉద్యోగాలు చేసుకుంటున్న మనవళ్ళకి వాటి మీద ప్రేమ పుట్టింది. సెలవులకొచ్చి తాతగారి జీపు బయటికి లాగి, కడిగి, రంగు వేయించి నడపాలని సరదా పడుతున్నారు. చాలా మంచి సరదా. కానీ ఆ బండికి చేయి పెట్టి పెరిగిన మెకానిక్కులు ఒక్కొక్కరే కనుమరుగవుతున్నారు. ఉన్న కుర్ర మెకానిక్కులకు కారు తెలుసు, స్కూటీ తెలుసు, ఇది తెలియదు. ఇంజను సంగతి ఎలాగో నెట్టుకు రావచ్చు. అది చెడితే బండి ఆగుతుంది, అంతే. చక్రం చెడితే బండి ఆగదు, అదీ చిక్కు. అందుకని ఈ సంచికలో చక్రం, హబ్బు గురించి మాత్రమే రాస్తున్నాను.

పోయిన వేసవిలో మా పక్క క్యాంపు కుర్రాడు ఒకడు తాతగారి జీపు ఎడమ ముందు చక్రం విప్పబోయాడు. నట్టు కదల్లేదు. పానాకి నాలుగడుగుల నీళ్ళ పైపు తొడిగి, దాని మీదెక్కి నుంచున్నాడు. ఠప్పుమంది. నట్టు వచ్చిందనుకున్నాడు. వచ్చింది స్టడ్డు ముక్క. రెండోదీ అలాగే విరిచాక నాకు ఫోను చేసి, "బాబాయిగారూ, ఇది తుప్పు పట్టి బిగుసుకుపోయింది, గ్యాసు పెట్టి కాల్చేదా?" అని అడిగాడు. "కాల్చకు నాయనా, నువ్వు విప్పడం లేదు, బిగిస్తున్నావు" అన్నాను. కాసేపు అవతల చప్పుడు లేదు.

విషయమేమిటంటే, విల్లీస్ జీపులకూ, ఆ నమూనా మీద తయారైన పాత జీపులకూ కుడివైపు చక్రాల నట్లు మామూలు మరతోనూ, ఎడమవైపు చక్రాల నట్లు ఎదురు మరతోనూ ఉంటాయి. కుడిపక్క నట్టు విప్పాలంటే గడియారం ముల్లుకు ఎదురుగా తిప్పుతాం. ఎడమపక్క నట్టు విప్పాలంటే గడియారం ముల్లు తిరిగే దిక్కునే తిప్పాలి. మా రాయచూరు వైపు మేస్త్రీలు దీన్ని 'ఉల్టా చూడి' అంటారు. అమెరికాలో డ్రైవరు ఎడమపక్క కూర్చుంటాడు, మన దగ్గర కుడిపక్క. స్టీరింగు మారింది గాని మర మారలేదు. డ్రైవరు పక్కా, క్లీనరు పక్కా అని లెక్క పెట్టుకోవద్దు. బండిలో ముందుకు చూస్తూ కూర్చుంటే మన ఎడమచేతి వైపు ఏదో అదే ఎడమ.

ఎందుకిలా చేశారంటే, బండి ముందుకు పోయేటప్పుడు ఎడమ చక్రాన్ని బయటినుంచి చూస్తే అది గడియారానికి ఎదురుగా తిరుగుతుంది. బ్రేకు వేస్తే చక్రం నెమ్మదిస్తుంది గాని నట్టు మాత్రం తిరిగిన దిక్కునే ఇంకాస్త పోవాలని చూస్తుంది. మామూలు మరకు అది విప్పే దిక్కు. అలా కొంచెం కొంచెంగా వదులవుతుందని ఆనాటి ఇంజనీర్ల భయం. సైకిలుకు ఎడమ పెడలు ఎదురు మరతో ఉంటుందని మనందరికీ తెలుసు. కారణం అచ్చంగా ఇదే కాకపోయినా అక్కడా భయం వదులవడం గురించే. తరవాతి కాలంలో, నట్టు అడుగుభాగం శంకు ఆకారంలో ఉండి రిమ్ము గుంటలో సరిగ్గా కూర్చుంటే ఏ మరైనా పట్టు వదలదని తేలి, కార్లలో రెండు పక్కలా ఒకే మర పెట్టేశారు. కొన్ని పాత లారీలకు మాత్రం ఎదురు మర ఉండేది. అందుకే లారీ డ్రైవరుగా చేసిన పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకీ సంగతి చెప్పనక్కర్లేదు.

ఇంతవరకు సులువే. ముప్ఫై, నలభై ఏళ్ళలో మన జీపులు ఎన్ని చేతులు మారాయో, ఎన్ని డ్రమ్ములు, ఎన్ని హబ్బులు గుజరీ నుంచి తెచ్చి వేశారో ఆ దేవుడికే తెలియాలి. కుడిపక్క హబ్బు తెచ్చి ఎడమపక్క బిగించిన బండ్లున్నాయి. ఎడమ ముందు చక్రానికి ఎదురు మర, ఎడమ వెనక చక్రానికి మామూలు మర ఉన్నవీ ఉన్నాయి. కనుక పుస్తకం చెప్పిందని నమ్మకుండా ప్రతి చక్రాన్నీ విడిగా చూడాలి. చాలా స్టడ్ల కొనమీద ఎడమ మరైతే 'ఎల్' అనే ఇంగ్లీషు అక్షరం చెక్కి ఉంటుంది. తుప్పునీ, రంగునీ వైరు బ్రష్షుతో రుద్దితే కనబడుతుంది. అది లేకపోతే నట్టు బయటికి కనబడుతున్న మరగీతలు చూడండి. స్టడ్డును నిలువుగా నిలబెట్టినట్టు ఊహించుకుంటే, గీతలు కుడిచేతి వైపు పైకి లేస్తే మామూలు మర, ఎడమచేతి వైపు లేస్తే ఎదురు మర. ఇది తేలాక చక్రం మీద తెల్లరంగుతో బాణం గుర్తు వేసేయండి. అందం చెడుతుందని మొహమాట పడొద్దు.

నిజంగానే తుప్పు పట్టిన నట్టు ఉంటే ముందురోజు సాయంత్రం తుప్పు వదిలించే నూనె, అదీ దొరక్కపోతే డీజిలు పోసి వదిలేయాలి. మర్నాడు ముందు ఒక వీసమెత్తు బిగించే దిక్కుకు కదిపి, ఆ తరవాత విప్పాలి. గ్యాసు మంట జోలికి పోవద్దు. లోపల బేరింగులో గ్రీజు ఉంది, దాని వెనక ఆయిల్ సీలుంది. ఇక విరిగిన స్టడ్డు తియ్యడం సుత్తి పని కాదు. ఈ పాత హబ్బుల్లో స్టడ్డును రంధ్రంలోకి దించి, అంచును చదును చేసి, హబ్బునీ డ్రమ్మునీ కలిపి పట్టేటట్టు నొక్కుతారు. ఆ చదును చేసిన అంచు కోయకుండా కొట్టి తీస్తే రంధ్రం పెద్దదై, కొత్త స్టడ్డు అందులో వదులుగా తిరుగుతుంది. లేతు ఉన్న షాపుకి తీసుకెళ్ళడమే మేలు. ఆ కుర్రాడు అలాగే చేశాడు. కొత్త స్టడ్లు వేసేటప్పుడు ఎదురు మరవే అడిగి తెచ్చుకున్నాడు, తాతగారి బండి తాతగారి బండిలాగే ఉండాలని.

రంగు గురించి ఒక మాట. కుర్రవాళ్ళు రిమ్ములకు రెండు మూడు పూతలు దట్టంగా వేయిస్తున్నారు. నట్టు కూర్చునే గుంటలో కూడా ఆ రంగు పడుతుంది. మొదటిరోజు బిగించినప్పుడు నట్టు ఇనుము మీద కాదు, రంగు మీద కూర్చుంటుంది. పది ఇరవై కిలోమీటర్లు తిరిగేసరికి ఆ పూత నలిగి పలచబడి నట్టు వదులవుతుంది. ఎదురు మర పెట్టిన ఇంజనీరు కూడా దీన్ని ఆపలేడు. గుంటలో రంగు గీకేయాలి. ఐదు నట్లు ఉన్నాయి కనుక వరసగా కాకుండా ఒకటి విడిచి ఒకటి, నక్షత్రం గీసినట్టు బిగించాలి. మొదటి ప్రయాణం అయ్యాక మళ్ళీ ఒకసారి పానా పెట్టి చూడాలి.

ఇప్పుడు ప్రాణం మీదికి తెచ్చే సంగతి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి ఇంచుమించు 6,40,000 జీపులు చేశాయి. వాటిలో చాలావాటికి రెండు ముక్కల రిమ్ములుండేవి. గాలి పోయినా టైరు జారిపోకుండా నడవాలని, రిమ్మును రెండు పళ్ళేలుగా చేసి అంచుచుట్టూ నట్లతో బిగించారు. అంటే ఆ చక్రానికి రెండు వరసల నట్లు కనబడతాయి. లోపలి వరస ఐదు నట్లు చక్రాన్ని హబ్బుకు పట్టి ఉంచేవి. బయటి వరస నట్లు రిమ్ము రెండు ముక్కల్నీ కలిపి పట్టి ఉంచేవి. టైరులో గాలి ఉండగా బయటి వరస నట్టు విప్పితే, లోపలి ఒత్తిడికి ఆ పళ్ళెం ఎగిరి ఎదురుగా ఉన్న మనిషిని కొడుతుంది. తల ఉంటే తల, చెయ్యి ఉంటే చెయ్యి. సైన్యం వేలం వేసిన బండ్ల రిమ్ములు గుజరీల్లో తిరిగి తిరిగి ఏ జీపుకి చేరాయో చెప్పలేం. రెండు వరసల నట్లు కనబడితే ముందు వాల్వు లోపలి పిన్ను తీసేసి, టైరు చేత్తో నొక్కితే మెత్తగా లోపలికి పోయేదాకా గాలి వదిలేసి, ఆ తరవాతే దాని దగ్గర కూర్చోండి. పంక్చరు షాపు కుర్రాడికి కూడా ఈ మాట మనమే చెప్పాలి. వాడికి తెలిసే అవకాశం లేదు.

ముందు హబ్బు లోపల రెండు శంకు బేరింగులు ఎదురెదురుగా ఉంటాయి. వాటి బిగువు సరిచేసేది ఒక పెద్ద నట్టు, దాని మీద రేకు వాషరు, ఆ పైన ఇంకో నట్టు. ఈ నట్టుకి 2 అంగుళాల పైచిలుకు కొలత ఉన్న గొట్టం పానా కావాలి. అది ఎవరి దగ్గరా ఉండదు. కనుక ఉలి పెట్టి సుత్తితో కొట్టడం మన మెకానిక్కులకు ఆచారమైపోయింది. మీ జీపు హబ్బు విప్పిస్తే ఆ నట్టు అంచులు చూడండి, ఎలుకలు కొరికినట్టుంటాయి. ఉలితో కొట్టి బిగించిన నట్టుకు బిగువు ఎంతో ఎవరికీ తెలియదు. పద్ధతి ఇది: చక్రాన్ని చేత్తో తిప్పుతూ మొదటి నట్టు పట్టేసేదాకా బిగించాలి. తరవాత చుట్టులో ఆరోవంతు వెనక్కి వదలాలి. చక్రం ధారాళంగా తిరగాలి, కానీ పైనా కిందా పట్టుకుని ఊపితే టకటకమనకూడదు. అప్పుడు వాషరు పెట్టి, రెండో నట్టు బిగించి, వాషరు అంచును ఒకచోట లోపలి నట్టు మీదికి, ఒకచోట బయటి నట్టు మీదికి మడవాలి. పాత వాషరునే పదిసార్లు మడిచి విప్పితే దాని చెవులు తెగిపోతాయి. రేకు ముక్క కోసం బేరింగును పణం పెట్టడం పైసాకి ఆశపడి రూపాయి పోగొట్టుకోవడమే.

గ్రీజు విషయంలో మనవాళ్ళది పెళ్ళిభోజనం పద్ధతి, కొసరి కొసరి కూరడం. అరచేతిలో గ్రీజు పెట్టుకుని బేరింగు అంచును దానిలోకి ఒత్తుతూ, అవతల పక్క రోలర్ల సందులోంచి బయటికొచ్చేదాకా నింపాలి. అంతే. హబ్బు డొల్ల మొత్తం కూరితే వేడెక్కినప్పుడు అది కరిగి, సీలు దాటి బ్రేకు లైనర్ల మీద పడుతుంది. గ్రీజు ఎక్కువైతే బండికి బలం రాదు, బ్రేకు పోతుంది.

హబ్బు వెనక గుండ్రటి బంతిలాంటిది కనబడుతుంది కదా, చక్రం పక్కకు తిరగడానికీ, ఇంజను బలం చక్రానికి అందడానికీ రెండిటికీ దారి అదే. దాని చుట్టూ ఉన్న నూలుకంబళి వంటి ఫెల్టు సీలు ఎండిపోతే లోపలి గ్రీజు కారి, బంతి మీద మట్టి అంటుకుని, ఆ మట్టే ఆకురాయిలా గీరుతుంది. బురదలో తిరిగి వచ్చాక అక్కడ కడిగి తుడిస్తే చాలు. మంచు కురిసే దేశాల్లో బండి నిలిపే ముందు స్టీరింగు పూర్తిగా కుడికీ ఎడమకీ ఒకసారి తిప్పమని కంపెనీవాళ్ళు చెప్పేవారు, తడి తుడుచుకుపోయి సీలు గడ్డకట్టకుండా ఉండాలని. మనకు మంచు లేదు గాని బురద ఉంది. అలవాటు పనికొస్తుంది.

కొన్ని జీపులకు ముందు హబ్బు మీద తిప్పే బిళ్ళ ఉంటుంది. రోడ్డు మీద ముందు చక్రాలను ఇంజను భారం నుంచి విడదీయడానికి ఇది. యుద్ధం అయ్యాక సైన్యం అమ్మేసిన జీపుల్ని రోడ్డు మీద హాయిగా నడుపుకోవడానికి అమెరికాలో సియాటిల్ దగ్గర ఆర్థర్ వార్న్ అనే ఆయన 1948లో ఈ హబ్బుల వ్యాపారం మొదలుపెట్టాడు. ఆయన పేరే ఇప్పటికీ వాటికి నిలిచిపోయింది. వీటితో చిక్కు ఏమిటంటే రెండు పక్కలా ఒకేలా తిప్పాలి. కుడిపక్క బిగించి ఎడమపక్క మరిచిపోతే, డిఫరెన్షియల్ ఉన్న బలమంతా ఏ అడ్డూ లేని ఎడమ యాక్సిలుకు పంపేస్తుంది. అది ఒట్టినే తిరుగుతుంది, ముందు చక్రాలు రెండూ లాగవు. పొలంలో దిగబడి 'ఫోర్ వీల్ పనిచేయడం లేదు' అని మెకానిక్కును పిలిచినవాళ్ళను చూశాను. ఇంకొకటి, ఏడాది పొడుగునా వదులుగా ఉంచితే లోపలి కీళ్ళకు గ్రీజు అందదు. నెలకోసారి బిగించి నాలుగైదు కిలోమీటర్లు తిప్పాలి. లివరు టూ వీల్‌లోనే ఉండొచ్చు.

వెనక హబ్బు సంగతి చివరికి ఉంచాను, నాకు స్వయంగా తెలిసింది గనక. సీజే-త్రీబీ అనే ఎత్తు బానెట్టు జీపు, అమెరికాలో 1968లో ఆగిపోయినా మన దేశంలో మహీంద్రా వాళ్ళ చేతుల్లో ఆ వంశం దశాబ్దాలపాటు సాగింది. ఆ రకం వెనక యాక్సిలు కొన శంకులా సన్నబడి ఉంటుంది. హబ్బు ఆ శంకు మీద కూర్చుంటుంది. మధ్యలో చిన్న ఇనుప తాళం, బయట గాళ్ళున్న నట్టు, ఆ నట్టు తిరగకుండా ఒక స్ప్లిట్ పిన్ను. నట్టు గట్టిగా ఉన్నంతకాలం శంకు పట్టే భారం మోస్తుంది. నట్టు కొంచెం వదులైతే భారమంతా ఆ వేలెడంత తాళం మీద పడుతుంది.

1996లో పంట రుణాల తనిఖీకి మా బ్రాంచి తరఫున అద్దె జీపులో కాలవగట్టు మీద పోతున్నాం. డ్రైవరుతో కలిపి నలుగురం. అంతకు మూడు రోజుల ముందే ఒక గ్యారేజీలో వెనక బ్రేకు లైనర్లు మార్చారట. అక్కడ నట్టు బిగించారు గాని పిన్ను వెయ్యలేదు. టకటకమని చప్పుడు, తరవాత గీరుకుంటున్న చప్పుడు, ఆపైన ఎడమ వెనక చక్రం డ్రమ్ముతో సహా మా పక్కనుంచే ముందుకు వెళ్ళి వరిచేలోకి దిగింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు. డ్రమ్ము లేని చోట బ్రేకు లైనర్లు అడ్డూ ఆపూ లేకుండా విచ్చుకుని, సిలిండరులోంచి పిస్టను బయటికొచ్చి, నూనె మొత్తం కారిపోయింది. ఆ బండ్లకు నాలుగు చక్రాలకూ కలిపి ఒకే బ్రేకు గొట్టం. ఒకచోట పోతే అన్నిచోట్లా పోయినట్టే. హ్యాండుబ్రేకు లాగాడు. అది చక్రాల దగ్గర కాదు, గేరుపెట్టె వెనక షాఫ్టు మీద ఉంటుంది. ఒక పక్క యాక్సిలు ఒట్టినే తిరుగుతుంటే డిఫరెన్షియల్ దానికే దారి ఇస్తుంది. ఆ బ్రేకు ఉన్నా లేనట్టే. చివరికి నేలను తాకిన వెనక పళ్ళెం గట్టును నాగలిలా దున్నుకుంటూ పోయి, ముందు చక్రం నీటి అంచున ఉండగా బండి ఆగింది. కాలవ నిండుగా ఉంది. ఆ సాయంత్రం నలుగురం ఇళ్ళకు చేరామంటే ఆ పళ్ళెం దయే. ఆ పిన్ను ధర అప్పట్లో రూపాయి లోపు.

అప్పటినుంచి జీపు తాకట్టుకు రుణం అడిగినవాళ్ళ బండి చూడ్డానికి వెళితే, ఛాసిస్ నంబరు రాసుకున్నాక వెనక హబ్బు మూత తీయించి పిన్ను చూసేవాణ్ణి. మా రూల్సులో ఆ గడి లేదు. మేనేజరుగారు మొదట్లో నవ్వేవారు, తరవాత ఆయనే 'పిన్ను చూశారా' అని అడిగేవారు.

ఈ హబ్బు తియ్యాలంటే పుల్లరు ఉండాల్సిందే. యాక్సిలు కొన మీద పెద్దసుత్తితో బాదితే దెబ్బ లోపలి బేరింగు మీద పడుతుంది, మర కొస పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. మళ్ళీ బిగించేటప్పుడు నట్టు గాడి పిన్ను రంధ్రానికి ఎదురు రాకపోతే ఇంకాస్త బిగించి కలపాలే తప్ప వెనక్కి వదిలి కలపకూడదు. ముందు హబ్బు బిళ్ళలు వదులుగా ఉంచి, లో గేరు వేసి, దిగబడ్డ ట్రాక్టరును లాగడం కూడా మానుకోవాలి. అప్పుడు లో గేరు బలం నాలుగు చక్రాలకు పంచుకోకుండా వెనక యాక్సిలు ఒక్కదాని మీద పడుతుంది. విరిగేది ఆ శంకు దగ్గరే.

కాలవ దాటే అలవాటున్నవాళ్ళకు ఒక సూచన. దూరం నడిచి వేడెక్కిన హబ్బు ఒక్కసారిగా చల్లటి నీళ్ళలో దిగితే లోపలి గాలి కుంచించుకుపోయి సీలు సందులోంచి నీటిని పీల్చుకుంటుంది. నీళ్ళ ఒడ్డున పది నిమిషాలు ఆగి చల్లారాక దిగడం మంచిది. హబ్బు విప్పినప్పుడు గ్రీజు పాలెక్కువైన కాఫీ రంగులో కనబడితే లోపల నీరు చేరినట్టే. ఆ గ్రీజు మొత్తం కిరసనాయిలుతో కడిగేసి కొత్తది పెట్టాలి, పైపైన పూస్తే లాభం లేదు. యాక్సిలు మీద గాలి పోయే చిన్న గొట్టం మట్టితో మూసుకుపోయిందేమో కూడా చూడండి. అది మూసుకుపోతే డిఫరెన్షియల్ ఆయిలు దారిలేక సీళ్ళను తోసుకుని బ్రేకు డ్రమ్ముల్లోకి వస్తుంది.

పని అంతా అయ్యాక పది కిలోమీటర్లు నడిపి, ఆపి, నాలుగు హబ్బుల మీదా అరచెయ్యి ఆనించి చూడండి. నాలుగూ గోరువెచ్చగా ఒకేలా ఉంటే మంచిది. ఒకటి చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉంటే అక్కడ బేరింగు బిగువెక్కువైనా అయుండాలి, బ్రేకైనా పట్టేసి ఉండాలి. అది తేలేదాకా బండిని ఇంటి దారి పట్టించకండి.

జయపురం, కొరాపుట్ వైపు ఉన్న మన సంఘ సభ్యుల దగ్గర సైన్యం వేలంలో కొన్న జోంగాలు ఇంకా తిరుగుతుంటే వాటి హబ్బు సంగతులు రాసి పంపండి. అవి నిస్సాన్ నమూనా మీద జబల్‌పూర్‌లో తయారైన బండ్లు, వాటి లెక్క వేరు. ఎడమ చక్రానికి మర ఎటు తిరుగుతుందో ముందు చూసి మరీ రాయండి.